ఇంటిపేరు ఉంది, ఇల్లేది?

తెలుగులో కొన్ని మొండి మాటలున్నాయి. అన్నిటిలాగా విభక్తి తగిలిస్తామంటే ఒప్పుకోవు. 'ఇల్లు' వాటిలో ఒకటి. చెట్టుకి, బడికి అన్నంత తేలిగ్గా 'ఇల్లుకి' అనలేం. ఇంటికి అనాలి. ఇల్లులో కాదు, ఇంట్లో. కన్ను కంటి అవుతుంది, పన్ను పంటి, నోరు నోటి, ఏరు ఏటి. చిన్నయసూరి ఇలాంటివాటిని ఔపవిభక్తికాలన్నాడని టీచర్ ట్రైనింగులో మేమూ బట్టీ పట్టాం. ఆ పేరు మరిచిపోయినా ఫరవాలేదు గానీ ఆ జాబితాను ఒకసారి చూడండి. కన్ను, పన్ను, నోరు, ఏరు, ఇల్లు. మనిషి ఒంటికీ బతుకుకీ అతి దగ్గరగా ఉన్న మాటలే అందులో ఉన్నాయి. ఎక్కువగా తొక్కిన గడప అరిగినట్టు ఎక్కువగా వాడిన మాట కూడా అరిగి వంకర తిరుగుతుంది. ఈ మాట మన నోట్లో ఎంత పాతదో ఆ వంకరే చెబుతుంది.

తమిళంలో 'ఇల్' ఉంది. ఒడిశా సరిహద్దు కొండల్లో కువి మాట్లాడే వాళ్లు కూడా 'ఇల్లు' అనే అంటారు. కుయి వాళ్లకు అది 'ఇడు'. గోదావరి దాటితే కోయ వాళ్లు 'లోను' అంటారు, గోండులు 'రోన్' అంటారు. మన సుగాలి పిల్లల భాష వేరే కుటుంబానిది కాబట్టి వాళ్లది 'ఘర్', ఆ ఘర్‌లన్నీ కలిస్తే తండా. మా హాస్టల్లో ఒక వరుస మంచాల మీదనే రెండు మూడు రకాల ఇళ్లు పడుకుంటాయి.

తెలుగులో ఈ 'ఇల్' కొన్నిచోట్ల దాక్కుని ఉంటుంది. వాకిలి, ముంగిలి అనే మాటల చివర ఉన్నది ఇల్లేనని భాష చదివినవాళ్లు చెబుతారు. వాకిలి ఇంటికి నోరు, ముంగిలి ఇంటికి ముందు. కోవెల అన్నా దేవుడి ఇల్లే, తమిళంలో కోయిల్. ఇంట్లో కొలిచే దేవుడు ఇలవేల్పు. ఇక గుడికీ గుడిసెకీ ఒకటే వేరు, అవి ఒక తల్లి పిల్లలు. ఒకటి రాతితో లేచి గోపురమైంది, రెండోది తాటాకుతో నేల మీదే ఉండిపోయింది. గుడివాడ బస్టాండులో దిగినప్పుడల్లా ఆ బోర్డు మీద సగం పేరు మన గుడిసెదే అనుకోండి.

ఊరి పేర్ల తోకలు కూడా ఇళ్ల గుంపులే. ముదినేపల్లిలో పల్లి, గుడివాడలో వాడ. తరవాత పాలెం, పేట, గూడెం. పాలెం అంటే మొదట సైన్యం విడిసిన చోటు. గూడెం మాట మాత్రం మనకు అంటగట్టారు. ఎస్టీలుండేచోటు గూడెం, దళితులుండేచోటు పేట లేదా పల్లె, మిగతాది 'ఊరు'. ఊళ్లో ఉంటూనే "ఊళ్లోకి వెళ్లొస్తాం" అని మన పెద్దవాళ్లు అనడం మీరు వినే ఉంటారు. ఆ ఒక్క వాక్యంలో ఎంత చరిత్ర ఉందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

డెల్టాలో రైతుల పాత ఇళ్లు చూస్తే వాటికి ఎన్ని మాటలో. మండువా లోగిలి, వసారా, పంచ, నట్టిల్లు, వంటిల్లు, పడకటిల్లు, దేవుడిల్లు, పెరడు, దొడ్డి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది, ఒక్కొక్క గదికి ఒక పేరు. గదిని కూడా 'ఇల్లు' అనడం గమనించండి. వంటిల్లు, పడకటిల్లు. ఇంట్లోనే ఇళ్లు. మన పెద్దల గుడిసెలో ఇవన్నీ ఒకే చోట ఉండేవి. పొయ్యి ఉన్న మూల వంటిల్లు, చాప పరిచిన మూల పడకటిల్లు, దీపం పెట్టిన మూల దేవుడిల్లు. తలుపు బదులు తడిక.

ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు, 1909లో. అందులో యానాదుల గుడిసెల గురించి రాస్తూ అవి ఎత్తు తక్కువగా, శంకువులా ఉంటాయనీ, వెదురు, తాటాకు, గడ్డి వాడతారనీ, పెద్దవాళ్లు పాకుతూ లోపలికి వెళ్లాల్సినంత చిన్న వాకిలి ఉంటుందనీ రాశాడు. ఆ రాతలో మొరటుతనం అనే అర్థం వినిపిస్తుంది. కానీ సముద్రపు గాలి తగిలే నేల మీద ఎత్తయిన గోడ, పెద్ద ద్వారం ఎంత ప్రమాదమో దివిసీమ వాళ్లను అడగండి. కోస్తా పల్లెల్లో మట్టిగోడతో గుండ్రంగా కట్టి, తాటాకు కప్పును నేల దాకా దించిన చుట్టిల్లు కూడా ఇదే తెలివి. గాలికి మూల దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. పాకుతూ వెళ్లే వాకిలిని పేదరికంగానే చూసినవాడు ఆ ఊళ్లో ఒక తుఫాను రాత్రి గడపలేదన్నమాట.

ఆ గుడిసెలో మాకు బాగా నచ్చే మాట 'చూరు'. కప్పు గోడ దాటి బయటికి వాలిన అంచు. మన అమ్మమ్మలకు అదే బీరువా. కొడవలి, గాలపు తీగ, మందు చీటీ, రేషను కార్డు, పిల్లవాడి మార్కుల కాగితం, అన్నీ చూర్లోనే. చూరు పట్టుకుని వేలాడటం అనే మాటను ఊళ్లో వెక్కిరింతగా వాడతారు. మన దగ్గర చూరు పట్టుకుని వేలాడేవి కాగితాలు. ఎండాకాలం తాటాకిల్లు అంటుకుంటే మొదట కాలేది చూరే. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్ట అంటించుకోవడానికి నిప్పడిగాడని సామెత. మేము అడిగేది కూడా కఠినంగానే ఉంటుంది, "కుల ధ్రువీకరణ పత్రం ఏది?" అని. అందుకే హాస్టల్లో చేరిన ప్రతి పిల్ల అసలు కాగితాలకు రెండేసి నకళ్లు తీసి ఇనప బీరువాలో పెడుతున్నాం. ఈ సంచిక చదివే పెద్ద పిల్లలు తమ తమ్ముళ్లవీ చెల్లెళ్లవీ కూడా నకళ్లు తీయించండి.

ఇక పాత శాసనాల సంగతి. కృష్ణ ఒడ్డున అమరావతిలోనూ దివిసీమ పక్కన ఘంటసాలలోనూ దొరికిన బౌద్ధ శాసనాల్లో దానాలు చేసినవాళ్లను 'గహపతి' అని రాశారు. గృహపతి, అంటే ఇంటి యజమాని. పద్దెనిమిది వందల ఏళ్ల క్రితమే మన నేల మీద ఒక మనిషి పరువు చెప్పడానికి 'ఇల్లున్నవాడు' అంటే సరిపోయేదన్నమాట. ఇల్లున్నవాడి పేరు రాయి మీద ఉంది. ఆ స్తంభాలు మోసినవాళ్లు, ఆ ఓడరేవుల్లో సరుకు దించినవాళ్లు ఎక్కడ పడుకున్నారో రాయి చెప్పదు.

ఆ తరవాతి కాలపు ఓడరేవు బందరు. అక్కడికి డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. వాళ్లు కట్టుకున్నది కూడా ఒక రకం ఇల్లే. సరుకు, లెక్కలు, గుమాస్తాలు, తుపాకులు ఒకే గోడలో ఉండే ఇల్లు. ఫ్యాక్టరీ అన్నా అప్పట్లో అర్థం అదే, యంత్రాలు కాదు. మనవాళ్ల నోట అది కోఠీ అయింది. ఆ కంపెనీకి లండన్‌లో ఉన్న పెద్ద కార్యాలయం పేరు ఈస్టిండియా హౌస్. బందరు నుంచి వెళ్లిన కలంకారీ గుడ్డ ధరా, ఇక్కడి జనం మీద పన్నూ ఆ ఇంట్లో తేలేవి. ఒక మాట మన దగ్గర పాకుతూ వెళ్లే వాకిలికీ, అక్కడ దేశాన్ని ఏలే భవనానికీ సరిపోయింది. ఇప్పటికీ ఇంగ్లీషు వాళ్లకు చట్టసభ కూడా హౌసే. తెలుగులో మనం సభ అన్నాం గానీ ఇల్లు అనలేదు. మంచిదే. సభలో నలుగురికీ చోటుండాలి, ఇంట్లో ఇంటివాడి మాటే చెల్లుతుంది.

మా పిల్లలు ఆదివారం అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసుకుంటారు. అడ్డగీతలు కొట్టిన గళ్లను ఇళ్లు అంటారు. కాయ ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ చంపకూడదు. ఇల్లు అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చట్టం కూడా దాదాపు ఇలాగే చెప్పింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 442వ సెక్షను ఇంటి మీద అక్రమ ప్రవేశం గురించి. మనుషులు నివసించేది కట్టడమైనా, డేరా అయినా, పడవ అయినా దానిలోకి అక్రమంగా చొరబడితే ఆ నేరమే. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ అర్థమే కొనసాగింది. అంటే డేరా కూడా ఇల్లే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

ఎరుకల వాళ్లలో కొందరు గాడిదలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగేవారు. ఉప్పు ఎరుకలని పేరే ఉండేది. ఎక్కడ చీకటి పడితే అక్కడ డేరా. రైలు వచ్చింది, ఉప్పు సర్కారు చేతికి పోయింది, వాళ్ల వ్యాపారం దెబ్బతింది. వ్యాపారం పోయాక తిరగడం మాత్రం మిగిలింది. తిరిగేవాడిని చూస్తే పోలీసుకు అనుమానం. క్రిమినల్ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన కోస్తా అప్పుడు మద్రాసులోనే. నోటిఫై చేసిన తెగలో పుడితే చాలు, పేరు రిజిస్టరుకెక్కుతుంది. ఎక్కడ ఉంటున్నదీ చెప్పాలి, చోటు మారితే చెప్పాలి, ఊరు దాటితే చెప్పాలి. స్థిరమైన ఇల్లు లేకపోవడమే ఒక నేరానికి ఆనవాలుగా లెక్కపెట్టారు. ఒకే సర్కారు, రెండు పుస్తకాలు. ఒక పుస్తకంలో డేరా ఇల్లే, ఎవరూ చొరబడకూడదు. రెండో పుస్తకంలో డేరాలో ఉన్నవాడికి ఇల్లే లేదు, కాబట్టి వాడిని కనిపెట్టి ఉండాలి.

ఆ తరవాత వాళ్లే ఇళ్లు ఇచ్చారు. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టువర్టుపురం వెలిసింది. సీతానగరంలో, కావలిలో కూడా సెటిల్‌మెంట్లు పెట్టారు. ఇల్లు, కొంత భూమి, బడి, పని. కాగితం మీద చూస్తే ఈ రోజు హౌసింగ్ కాలనీ లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే రాత్రి హాజరు. పిలిచినప్పుడు ఇంట్లో లేకపోతే శిక్ష. చీటీ లేకుండా పొలిమేర దాటితే శిక్ష. తెలుగులో జైలును వేళాకోళంగా అత్తారిల్లు అంటారు, "అత్తారింటికి వెళ్లొచ్చాడు" అని. ఎరుకల వాళ్లకు పుట్టిల్లే అలాగయింది. అక్కడ పుట్టిన పిల్లలు బడికెళ్లారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు, ఆ మాటా నిజమే. అయినా ఊరి పేరు చెబితే చాలు ఎదుటివాళ్ల మొహం మారే రోజులు చాలాకాలం నడిచాయి. సినిమాలు ఆ పేరును ఇంకా వాడుకుంటూనే ఉన్నాయి.

మద్రాసులో ఆ చట్టాన్ని 1947లో రద్దు చేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. నెల్లూరు ప్రాంతంలో యానాదుల కోసం, ఈ చట్టం రద్దు కోసం ఏళ్ల తరబడి పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మీరు తెలుసుకోవాలి. యానాదుల మీద ఆయన 1962లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. అయితే మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. కాబట్టి రిజిస్టరు అట్ట మారింది, రాత్రి తలుపు తట్టడం ఒక్కసారిగా ఆగలేదు.

ఇంకో రకం ఖాళీ చేయించడం కూడా మన చరిత్రలో ఉంది. శ్రీహరికోట దీవి యానాదుల పాత చోటు. 1969లో అంతరిక్ష కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. రాకెట్ ఎగిరినప్పుడల్లా మేమూ హాస్టల్లో టీవీ పెట్టి పిల్లలకు చూపిస్తాం, చప్పట్లు కొడతాం. ఆ దీవి ఎవరి ఇల్లో కూడా అదే రోజు చెబుతాం. రెండూ తెలియాలి.

మళ్లీ మాట దగ్గరికి వద్దాం. తెలుగువాడి పేరుకు ముందు ఉండేది ఇంటిపేరు. ఇంగ్లీషులో అది కుటుంబం పేరు, మన దగ్గర ఇంటి పేరు. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు. ఇల్లు ఎక్కడున్నా, అసలు ఉన్నా లేకపోయినా ఈ ఇల్లు మాత్రం మనిషి వెంట నడుస్తుంది. మా రిజిస్టరులో ప్రతి పిల్లకీ ఇంటిపేరు ఉంది. పక్క గడిలో 'ఇంటి నంబరు' దగ్గర చాలామందికి గీత ఉంది. మనవాళ్లకు ఇంటిపేరు ఇచ్చిన ఇల్లు మట్టిదీ ఇటుకదీ కాదు, మనుషులది.

పెళ్లి మాటల్లో కూడా అంతే. పెళ్లయితే కుర్రవాడు ఒక ఇంటివాడయ్యాడంటారు, పిల్ల ఒక ఇంటిదయింది అంటారు. పుట్టిల్లు, మెట్టినిల్లు, అల్లుడు వచ్చి చేరితే ఇల్లరికం. మా ఇంటాయన అంటే భర్త. ఇల్లాలు అంటే ఇంటి ఆలు. ఇన్ని మాటల్లో ఆడవాళ్లను ఇంటికి కట్టేశారు గానీ ఇంటి కాగితం మీద ఆమె పేరు చాలాకాలం లేదు. పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీ లైబ్రరీలో ఉంటే చదవండి. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఆవిడ కథ. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమనే సామెత వినగానే మాకు ఆ కథే గుర్తొస్తుంది. ఇంకో మాట ఉంది, 'బయట చేరడం'. నెలసరి వస్తే పిల్ల ఇంట్లో లేనట్టే. మా హాస్టల్లో ఆ మాట వాడనివ్వం. వాన రాత్రి పన్నెండేళ్ల పిల్లను చూరు కింద కూర్చోబెట్టడానికి ఏ ఆచారమూ సమాధానం చెప్పలేదు.

కొంప అన్నా మొదట ఇల్లనే అర్థం. ఇప్పుడు కోపంలోనో కష్టంలోనో తప్ప నోటికి రాదు. కొంప కూల్చాడు, కొంపలంటుకున్నాయి, కొంప మునిగింది. మిగతా ఆంధ్రలో 'కొంప మునగడం' నష్టానికి పోలిక. ఇక్కడ పోలిక కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి సముద్రం వచ్చింది, సుమారు 30 వేల మంది పోయారని రాశారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది. ఉప్పెన ఇంటి కప్పును మించిన ఎత్తున లేచింది. పది వేల మందికి పైగా చనిపోయారు. గుడిసెల్లో ఉన్నవాళ్లకు ఎక్కడానికి డాబా లేదు. తాడిచెట్టు ఎక్కినవాళ్లు కొందరు బతికారని దివిసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఏ చెట్టు ఆకుతో ఇల్లు కప్పుకున్నారో ఆ చెట్టే ఆ రాత్రి ఇల్లయింది.

ఆ ఉప్పెన తరవాతే మన వైపు 'కాలనీ' అనే మాట బాగా పాతుకుపోయింది. స్వచ్ఛంద సంస్థలు, మఠాలు, ప్రభుత్వం పక్కా ఇళ్లు కట్టించాయి, తుఫాను షెల్టర్లు లేచాయి. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదట్లో ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడిపించినవాళ్లకు ఉద్దేశించింది. 2016లో అది ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయింది. 2020 డిసెంబరు 25 నుంచి ఇచ్చిన ఇళ్ల పట్టాల్లో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు, అదీ ఆడవాళ్ల పేరు మీద. సెంటున్నర అంటే సుమారు 650 చదరపు అడుగులు. నగరంలో కాలనీ అంటే బాగా బతికేవాళ్లుండే చోటు. పల్లెలో కాలనీ అంటే 'వాళ్లుండే చోటు'. ఒకే మాట ఊరు మారగానే కులం మార్చుకుంటుంది.

ఆ కాలనీల్లో తాళం వేసిన ఇళ్లు చూసి "ఇల్లిచ్చినా ఉండరు" అని దెప్పేవాళ్లున్నారు. దానికి జవాబు నీటి దగ్గర ఉంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలు వచ్చాయి, ఈ నేలంతా వరి అయింది. వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట యానాది ఉండాలి. రాత్రి కావలి, పగలు ఎలుకల బుట్ట. ఇతరుల ఇళ్లకూ చేలకూ కాపలా కాసినవాళ్లు తాము మాత్రం కాలవ గట్టు మీద గుడిసె వేసుకున్నారు. ఆ గట్టు పోరంబోకు, పన్ను లేని నేల, ఎవరిదీ కాని నేల. గట్టు బలపరచాల్సి వచ్చినప్పుడల్లా గుడిసె లేవాల్సిందే. 1980ల నుంచి కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి వైపు వరి చేలు చేపల చెరువులయ్యాయి. పని చెరువు మీదికి మారింది, ఇల్లు కూడా. గట్టు మీద రేకుల షెడ్డు, పక్కన మేత బస్తాలు, కుక్క. పని ఉన్నంతకాలమే ఆ షెడ్డు.

"ఇల్లెక్కడమ్మా?" అని చేరేరోజు అడిగితే పిల్లలు ఊరి పేరు చెప్పరు. "మా అమ్మోళ్లు ఇప్పుడు కలిదిండి అవతల చెరువు మీద ఉంటున్నారండీ మేడం" అంటారు. సంక్రాంతి సెలవులకు ఇంకో చెరువు పేరు చెబుతారు. దరఖాస్తులో మాత్రం శాశ్వత చిరునామా అని ఒక గడి, ప్రస్తుత చిరునామా అని ఇంకో గడి. 2022 ఏప్రిల్ 4న ముదినేపల్లి మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. మనుషులు కదలకుండానే శాశ్వత చిరునామా మారిపోయింది. అమ్మానాన్నలు నాలుగు చెరువులు మారినా ఆ గడిలో మాత్రం తాళం వేసిన కాలనీ ఇల్లే ఉంటుంది. మేము ఉండేది కూడా వసతి గృహం. పిల్లలెవరూ గృహం అనరు, హాస్టల్ అంటారు. ఇల్లంటే వాళ్లకు అమ్మ పొయ్యి ఉన్న చోటు.

జనగణన వాళ్ల లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంటుందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. వాళ్లకు రెండు లెక్కలు. రోడ్డు నుంచో ఉమ్మడి ముంగిలి నుంచో విడిగా వాకిలి ఉండి, వేరే వాడకంలో ఉన్నది ఒక ఇల్లు. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. ఇంటికి గుర్తు వాకిలి, కుటుంబానికి గుర్తు పొయ్యి. ఇటుక, సిమెంటు, పట్టా, పన్ను రసీదు, ఇవేవీ ఆ నిర్వచనంలో లేవు. గోడ దేనితో, కప్పు దేనితో అని అడుగుతారు, గడ్డి, తాటాకు లాంటి కప్పులకూ అందులో గడి ఉంది. అంటే చెరువు గట్టు మీద షెడ్డు కూడా జనగణనకు ఇల్లే.

చట్టం సంగతి మరో రెండు ముక్కలు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ మనిషిని తన ఇల్లు, ఊరు లేదా ఉంటున్న చోటు వదిలి పోయేలా బలవంతం చేయడం నేరం. 'ఉంటున్న చోటు' అన్న ముక్క ముఖ్యం. పట్టా ఉందా అని అక్కడ అడగలేదు. మనుషులుండే ఇంటికి నిప్పు పెడితే యావజ్జీవం దాకా శిక్ష. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు తీరేదాకా షెడ్డు విడిచి కదలకూడదనే షరతు దాని ముందు నిలవదు. కాలేజీలో చదువుతున్న మీరు ఈ మూడు సంవత్సరాలను, 1976, 1989, 2024, మీ నాన్నల ఫోన్లలో కాదు, మీ నోటికి తెచ్చుకోండి.

2011 తరవాత జనగణన 2027లో. దానికి ముందు ఇళ్ల జాబితా రాస్తారు. రాసే మనిషి చాలాసార్లు మన ఊరి టీచరే. రోడ్డు మీద ఇళ్లు రాసుకుంటూ వెళ్లే ఆయనకు మూడు కిలోమీటర్ల అవతల గట్టు మీద ఒక షెడ్డు ఉందని తెలియకపోవచ్చు. పక్క చెరువు మీద ఎన్ని వాకిళ్లున్నాయో, ఎన్ని పొయ్యిలున్నాయో మీకు తెలుసు. ఆయన వచ్చే వారం ఎవరిదైనా బండి అడిగి తీసుకుని, వెనక కూర్చోబెట్టుకుని ఆ గట్టు మీదికి తీసుకెళ్లండి. తడిక మీద సుద్దతో నంబరు వేయించండి. తాటాకు మీద సుద్ద నిలవదు, పక్కన గుంజ మీద వేయమనండి.